రోజూ బైబిలు చదువుతున్నాను, ప్రార్థన చేస్తున్నాను. అది నా బతుకులో ఎందుకు కనబడటం లేదు?

ప్రశ్న అడిగినవారి మాట క్లుప్తంగా ఇదీ: పొద్దున్నే లేచి రెండు అధ్యాయాలు చదువుతున్నారు, అరగంట ప్రార్థన చేస్తున్నారు, దారిలో ఫోన్‌లో ధ్యానాలు వింటున్నారు. ఆఫీసు గుమ్మం దాటేసరికి మళ్ళీ పాత మనిషే. చదివిన వాక్యాన్ని రోజువారీ పనుల్లోకి తెచ్చుకోవడం ఎలాగని అడిగారు.

నేను పాస్టర్ని కాను, వేదాంతం చదువుకోలేదు. మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్ళు రొయ్యల కొనుగోలులో పనిచేశాను. మీరు చెప్పిన జబ్బు నాకూ ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నాకు జరిగింది చెబుతాను.

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. నెలకి సరిగ్గా సరిపోతాయని ఏ తారీఖుకి ఆ అధ్యాయం చదవడం చాలామందికి అలవాటు. నాకూ అదే అలవాటు. పదకొండో తారీఖు వస్తే పదకొండో అధ్యాయం, దాని మొదటి మాట: ‘దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.’ నెలకోసారి చొప్పున ఆరేళ్ళు చదివానంటే డెబ్బై సార్లకి పైమాటే. చదివి, ప్రార్థన చేసుకుని, టీ తాగి, కాటా బండిలో వేసుకుని చెరువు మీదకి వెళ్ళేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆ మాట నాకు తగల్లేదు. ఎందుకంటే నా త్రాసు దొంగది కాదు. డిజిటల్ కాటా, తూనికల వాళ్ళ సీలు కూడా ఉంది.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. రేటు బరువుని బట్టి మాత్రమే ఉండదు, కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. యాభై తూగితే యాభై కౌంట్. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని లెక్క, రేటూ పెరుగుతుంది. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, వలలోంచి శాంపిల్ తీసి, తూచి, లెక్కపెట్టి కౌంట్ కడతారు. ఆ శాంపిల్ తీసే చెయ్యి నాది. చెరువులో రొయ్యలన్నీ ఒకే సైజులో ఉండవు. చిన్నవాటిని ఏరుతున్నట్టు కనబడకుండానే చెయ్యి చిన్నవాటి వైపు పోతుంది. కౌంట్ రెండో మూడో ఎక్కువ పడుతుంది. కిలోకి పది రూపాయలు తగ్గినా రెండు టన్నుల పంట మీద ఇరవై వేలు. కాటా మాత్రం గ్రాము తేడా లేకుండా నిజమే చెబుతుంది.

ఆ పని నేను కనిపెట్టింది కాదు. చేరిన కొత్తలో నాకంటే పెద్దవాడు చేత్తో చూపించాడు, నోటితో చెప్పలేదు. ఇలాంటివి ఎవరూ నోటితో చెప్పరు.

ఓ పదకొండో తారీఖు రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అబ్బాయి ఆ అధ్యాయం చదివాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ‘దొంగత్రాసు అంటే ఏంటి నాన్నా?’ అనడిగాడు. ‘తక్కువ చూపించే త్రాసురా’ అని చెప్పి తర్వాతి వచనానికి వెళ్ళిపోబోయాను. పక్కన మంచం మీద అమ్మ కూర్చుని ఉంది.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ చదువుకోలేదు. నరసాపురం లేసు అల్లేది. మిషనరీల కాలంలో ఇటు వచ్చిన పని అది. ఇప్పటికీ మా వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లుతుంటారు. అమ్మకి 121వ కీర్తన నోటికి వచ్చు. ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అని సన్నగా చెప్పుకుంటూ సూది ఆడించేది. మా వైపు కొండ కాదు కదా, గుట్ట కూడా లేదు. కొబ్బరి చెట్ల తలలు చూసి అవే కొండలనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

ఆవిడ ఆ రాత్రి మనవడితో అంది: ‘త్రాసు ఒక్కటే కాదురా అబ్బాయ్. నా దగ్గర లేసు కొనేవాడొకడు ఉండేవాడు. మరక ఉందని చెప్పి ప్రతిసారీ డబ్బులు కోసేవాడు. ఆ మరక వాడి వేలిదే.’

అంతే. నా వైపు చూడలేదు కూడా. నా పని ఎలా జరుగుతుందో ఆవిడకి తెలీదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డెబ్బై సార్లు చదివినప్పుడు పట్టని టెన్షన్ ఆ ఒక్క మాటకి పట్టుకుంది.

అప్పుడు అర్థమైంది, నేను వాక్యాన్ని ఇంట్లోనే వదిలేసి పనికి వెళ్తున్నానని. బైబిలు బల్ల మీద ఉండేది, నేను చెరువు గట్టు మీద ఉండేవాణ్ణి. రెంటికీ మధ్య దారి లేదు. కాలువ నిండా నీళ్ళు పారుతున్నా పంట బోదెలో గుర్రపుడెక్క పేరుకుపోతే శివారు చేనుకి చుక్క అందదు. డెల్టా రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నేను మాత్రం కాలువలో నీళ్ళు చూసుకుని మురిసిపోతూ ఉండేవాణ్ణి.

ఇంకో సంగతి. మా మందిరాల మూలాలు వెతికితే 1836లో ఇండియాకి వచ్చి నరసాపురం వైపు పనిచేసిన బౌడెన్, బీర్ అనే మిషనరీల దగ్గరికి వెళ్తాయి. 1847లో మొదలై 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు బౌడెన్ అక్కడి కూలీల మధ్యకి వెళ్ళి బోధించేవారు. అంటే వాక్యం మా ప్రాంతానికి వచ్చిన తొలిరోజుల్లోనే రాళ్ళు మోసేచోటుకి వెళ్ళింది. దాన్ని తెచ్చి తెల్లవారుజామున తలుపేసుకున్న గదిలో పెట్టేసింది మనమే. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు కదా అంటారేమో. చెప్పాడు. అది నలుగురికీ కనబడాలని చేసే ప్రార్థన గురించి. గదిలోంచి బయటికి రావద్దని చెప్పలేదు.

సరే, నేను ఏం మార్చుకున్నానో చెబుతాను. మొదట, చదవడం తగ్గించాను. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చెయ్యాలంటే రోజుకి మూడు నాలుగు చదవాలి. మూడేళ్ళు వరసగా అలా పూర్తి చేశాను, డిసెంబరు 31 రాత్రి కూడికలో చెయ్యెత్తి చెప్పాను కూడా. ఇప్పుడు అధ్యాయం చదివినా, అందులోంచి ఒక్క వచనమే వెంట తీసుకెళ్తాను. బరువులు రాసుకునే చిన్న పుస్తకం జేబులో ఉంటుంది కదా, దాని వెనక పేజీలో రాసుకుంటాను. ముందు పేజీల్లో టన్నులు, కౌంట్లు, వెనక పేజీలో వాక్యం. లెక్క రాయడానికి పుస్తకం తీసినప్పుడల్లా అది కంటపడుతుంది. ఫోన్‌లో పెట్టుకుంటే కుదరలేదు, వాట్సాప్ మింగేసింది.

వచనాన్ని అడిగే ప్రశ్న కూడా మారింది. ఇదివరకు ‘ఇందులో నాకేముంది’ అని చూసేవాణ్ణి. మనకి వాగ్దానాలంటే ప్రాణం. జనవరి ఒకటిన మందిరంలో వాగ్దాన కార్డుల డబ్బా తిప్పుతారు, ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని ఏడాదంతా గోడకి అంటిస్తారు. నాకూ ఇష్టమే, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఇన్నేళ్ళలో ఆ డబ్బాలోంచి ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అనే కార్డు ఎవరికైనా వచ్చిందా? రాదు, ఎందుకంటే అచ్చువేసేవాళ్ళు అది వెయ్యరు. ఇప్పుడు నేనడిగేది ఇది: ఈ మాటకి ఇవాళ నేను కలవబోయేవాళ్ళలో ఎవరితో పని ఉంది? ఆ మనిషి పేరు, చెరువు పేరు పెట్టి ప్రార్థన చేస్తాను. ‘ఫలానా ఆయన చెరువు దగ్గర నా చెయ్యి వంకర పోకుండా చూడు ప్రభువా.’ రెండు నిమిషాలు పట్టదు. పిల్లల చదువు, అప్పు, అమ్మ మోకాళ్ళ నొప్పి, అవీ అడుగుతాను. కానీ ఈ రెండు నిమిషాలే నాతోపాటు బండెక్కి వస్తాయి.

రాత్రి కుటుంబ ప్రార్థనలో అది ఎలా జరిగిందో చెప్పుకుంటాం. ‘కుదర్లేదు’ అని చెప్పడానికి సిగ్గుపడకూడదని మాలో మాకు ఒప్పందం. మా అబ్బాయి వారంలో నాలుగు రోజులు ‘కుదర్లేదు’ అంటాడు. పోనీ, నిజం చెబుతున్నాడు.

అన్ని రోజులూ ఇది నడవదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో తొలి తొమ్మిది అధ్యాయాలు ఇంచుమించు అన్నీ పేర్లే. అందులోంచి ఏదో పాఠం పిండాలని చూడకండి. అలాంటి రోజున ఊరికే చదివి లేవండి.

ఇంక ఫలితం సంగతి. మరుసటి వారం నుంచి శాంపిల్ వల మధ్యలోంచి, రైతు చేతే తీయించడం మొదలుపెట్టాను. పై వాళ్ళకి నచ్చలేదు. రెండు నెలల్లో నన్ను మంచి చెరువులున్న లైన్ నుంచి తీసేశారు, కమీషన్ తగ్గింది. ఇక్కడ ‘దేవుడు నాకు రెండింతలు తిరిగిచ్చాడు’ అని సాక్ష్యం చెబితే బావుంటుంది, కూడికల్లో అలాంటివే వింటాం. ఇవ్వలేదు. రెండేళ్ళు ఇబ్బంది పడ్డాం, ఆ తర్వాత ఆ పని మానేసి మేత కొట్టులో చేరాను. జీతం తక్కువ, నిద్ర బాగా పడుతుంది. వాక్యం పాటిస్తే లాభం వస్తుందని ఎవరైనా చెబితే కొంచెం ఆగి ఆలోచించండి.

సువార్తలో యేసుని కలిసిన సుంకరి జక్కయ్య కథ కూడా నన్ను వదల్లేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు ఆయన. నాకు నాలుగంతలు కాదు, ఒక వంతు ఇచ్చే స్తోమత కూడా లేదు. అయినా ఒక కౌలు రైతు విషయంలో మనసు ఊరుకోలేదు. ఎనిమిది వేలు పట్టుకుని వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన పెద్దాయన, రోజూ గుడికి వెళ్ళే మనిషి. అంతా విని, ‘ఆయ్, నాకప్పుడే తెల్సు బాబూ. అందరూ తీసేదే కదా అని ఊరుకున్నాను’ అన్నాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని లోపలికి కేకేసి టీ పెట్టించాడు. ఏడుస్తాడనో కావలించుకుంటాడనో ఊహించుకుని వెళ్ళాను నేను. టీలో పంచదార ఎక్కువైంది, అదొక్కటే గుర్తుంది.

మీరు ఆఫీసు అన్నారు. మీ కాటా ఏంటో నాకు తెలీదు. టీఏ బిల్లులో చేరిన ఆటో చార్జీ కావచ్చు, కిందివాళ్ళు చేసిన పనికి మీ పేరు పెట్టుకోవడం కావచ్చు, కౌంటర్ దగ్గర ముసలావిణ్ణి ‘రేపు రండి’ అని పంపేయడం కావచ్చు. ‘నా త్రాసుకి సీలుంది’ అని మీరు ఎక్కడ గట్టిగా వాదిస్తున్నారో అక్కడ వెతకమంటాను. నా విషయంలో అది అక్కడే దొరికింది. ఇంకో మాట, అది దొరికాక స్టేటస్‌లో పెట్టొద్దు, మందిరంలో ప్రకటించొద్దు. ముందు సరిచెయ్యండి.

నేను గెలిచేశానని మాత్రం అనుకోకండి. మా నాన్న పోయాక కొబ్బరితోట పంపకంలో కాలువ వైపు ముక్క నేను తీసుకున్నాను. కాగితాల ప్రకారం తప్పు లేదు. అన్నయ్య నాలుగేళ్ళు నాతో మాట్లాడలేదు. మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె విరుస్తాం. బలిపీఠం దగ్గర అర్పణం విడిచిపెట్టి మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్న మాట మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది కదా, అది నా చిన్న పుస్తకం వెనక పేజీలోకి వచ్చిన వారం రొట్టె పళ్ళెం నా దగ్గరికి వస్తే పక్కవాళ్ళకి అందించేశాను. అలా మూడు ఆదివారాలు. నాలుగో వారం నరసాపురం వెళ్ళాను, అన్నయ్య ఉండేది అక్కడే. తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. వదిన మంచినీళ్ళిచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. ఈమధ్య ఫోన్ ఎత్తుతున్నాడు, ‘ఊఁ’ అంటున్నాడు. కాలువ వైపు ముక్క తిరిగి పంచుకుందామన్నాను. దానికి ఇంకా ‘ఊఁ’ రాలేదు.

మొన్న పద్దెనిమిదో తారీఖున సామెతలు పద్దెనిమిదో అధ్యాయం చదువుతున్నాను. అన్యాయం పొందిన సహోదరుణ్ణి వశపరచుకోవడం బలమైన పట్టణాన్ని పట్టుకోవడం కంటే కష్టమని పందొమ్మిదో వచనంలో ఉంది. రాసినాయనకి మా అన్నయ్య తెలుసేమో అనిపించింది. నవ్వొచ్చింది కూడా. ఆ వెంటనే ‘అన్యాయం పొందిన’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్ళూ అన్నయ్య మొండితనం గురించే ప్రార్థిస్తున్నాను నేను.

ఈ శనివారం మళ్ళీ గోదావరి దాటించే పంటు ఎక్కి వెళ్తున్నాను. వదినకి ఫోన్ చేసి చెప్తే ఆయన పక్కనే ఉన్నాడంది. ఏమీ అనలేదట. రావద్దని కూడా అనలేదట.