సినిమా నిర్మాణంలోకి దిగుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఉద్యోగం మానేసి సొంతంగా సినిమాలు నిర్మిస్తానని రాశావు. వద్దనను. కథల విషయంలో నీ అభిరుచి మీద నాకు నమ్మకముంది, దాని జోలికి పోను. కాగితాల గురించీ డబ్బు గురించీ మాత్రం చెప్పాలి. పెద్ద సంస్థల అండ లేని నిర్మాతలు తరచూ చిక్కుకునేది అక్కడే.

ముందు హక్కులు. ఏదైనా నవల నచ్చితే రచయితతో ఆప్షన్ అగ్రిమెంట్ రాసుకో. కొంత సొమ్ము ఇచ్చి, ఏడాదో ఏడాదిన్నరో ఆ కథను ఇంకొకరికి అమ్మకుండా ఆపుకోవడమన్నమాట. ఈలోగా పెట్టుబడి కుదిరితే మిగతా ధర ఇచ్చి కొనుక్కుంటావు. స్క్రిప్ట్ రాసింది స్నేహితుడే అయినా సంతకం అయ్యాకే ఖర్చు మొదలుపెట్టు. నీకు మొహమాటం ఎక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నాను. కథ దగ్గర్నుంచి నటీనటుల దాకా అన్ని హక్కులూ నీ కంపెనీకే ఉన్నాయని చూపించే కాగితాలు రేపు సినిమా కొనేవాళ్లు అడుగుతారు. ఒక్కటి దొరక్కపోయినా బేరం ఆగిపోతుంది. పాత పాట వాడితే అనుమతులు రెండు కావాలి, పాట హక్కుదారుల దగ్గర ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్ల దగ్గర ఇంకొకటి. ఫెస్టివల్స్ వరకే చాలని తీసుకుంటే, ఓటీటీకి వెళ్లేటప్పుడు వాళ్లు చెప్పిందే ధర.

బడ్జెట్‌లో అనుకోని ఖర్చులకు 10 శాతం పక్కన పెట్టడం మామూలే. అంతకంటే ముఖ్యం, షూటింగ్ తర్వాతి డబ్బును షూటింగ్‌లో ముట్టుకోకపోవడం. వర్షం పడి ఒక రోజు పోతే అందరూ ఆ డబ్బు వైపే చూస్తారు. ఇవ్వకు, అవసరమైతే ఒక సీన్ తీసెయ్యి. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్ అయ్యాక కూడా డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ), సబ్‌టైటిల్స్, డబ్బింగ్ కోసం మాటలు లేని సౌండ్ ట్రాక్, స్టిల్స్, అన్నీ అప్పజెప్పాలి. అవి చేరేదాకా కొన్నవాళ్లు మిగతా డబ్బు ఇవ్వరు.

వచ్చే డబ్బు ఏ వరుసలో పంచుతారో పెట్టుబడి తీసుకోకముందే రాసుకో. టికెట్ డబ్బులో థియేటర్ వాటా పోతుంది. డిస్ట్రిబ్యూటర్ కమీషన్, ప్రచార ఖర్చు, సినిమాను బయట అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ కమీషన్, అప్పులు, పెట్టుబడిదారుల అసలు, ఇవన్నీ తీరాకే సాధారణంగా నీ లాభం. అందుకే డిస్ట్రిబ్యూటర్, ఏజెంట్ పెట్టే ఖర్చులకు ఒక పరిమితి, లెక్కలు తనిఖీ చేసే హక్కు అగ్రిమెంట్‌లో ఉండి తీరాలి. ఏజెంట్ ఎవరైనా సరే, అంతకుముందు అతనికి సినిమా ఇచ్చిన నిర్మాతలకు ఫోన్ చేసి, డబ్బు సమయానికి వచ్చిందా అని అడుగు.

ఫెస్టివల్స్ విషయంలో తొందరపడకు. కాన్స్, బెర్లిన్ పోటీ విభాగాలు ఇంకెక్కడా ప్రదర్శించని సినిమాలకే ప్రాధాన్యం ఇస్తాయి. మొదటి ప్రదర్శన ఒక్కసారే ఉంటుంది.

బడ్జెట్ తగ్గించాల్సి వస్తే మొదట కోత పడేది నిర్మాత పారితోషికానికే. ఒక్క సినిమానే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఒకటి స్క్రిప్ట్‌లో, ఒకటి పెట్టుబడి వేటలో, ఒకటి అమ్మకంలో ఉండేలా చూసుకో. ఈలోగా వేరేవాళ్ల సినిమాలకు లైన్ ప్రొడ్యూసర్‌గా, అంటే షూటింగ్ ఖర్చులూ ఏర్పాట్లూ చూసే మనిషిగా చెయ్యి, అందులో చిన్నతనమేమీ లేదు. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకు తల్లీ.

నువ్వు చెప్పిన ఆ పెట్టుబడిదారు పంపిన అగ్రిమెంట్ మీద ఇంకా సంతకం చెయ్యలేదు కదా? కాపీ నాకు పంపు. లాభాల పంపకం పేజీ చదివి ఫోన్ చేస్తాను.

మీ బాబాయి