అమ్ములూ, ఆ వీడియో షేర్ చేసే ముందు

అమ్ములూ,

రాత్రి ఒంటిగంటప్పుడు నువ్వు పంపిన వీడియో పొద్దున్నే చూశాను. పద్నాలుగు సెకన్లు. ఎయిర్‌పోర్టులో మేనేజర్, నీకిష్టమైన ఆ కొరియా పాటల బృందంలో కుర్రాడి మెడ మీద చెయ్యేసి ముందుకి తోస్తున్నాడు. వాడు తల దించుకుని నడుస్తున్నాడు. నాకూ కడుపు తరుక్కుపోయింది. పందొమ్మిదేళ్ళ పిల్లాడు, నీ ఈడువాడు. "ఊరుకోకూడదు పిన్నీ, ఏదో ఒకటి చెయ్యాలి" అన్నావు. నిజమే, ఊరుకోవద్దు. ఎలా చెయ్యాలో నాకు తెలిసింది చెబుతాను. మీ అమ్మ "ఆ కొరియా వాళ్ళతో మనకేంటే" అంటే అననీ. డబ్బులు పోగేసి ఆల్బమ్‌లు తెప్పించుకున్నప్పుడు లేని దూరం, వాళ్ళకి కష్టం వచ్చినప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను ఈ గొడవలోకి వచ్చింది 2009లో. అప్పుడు మేం టోక్యోలో, నిషి కసాయ్‌లో ఉండేవాళ్ళం. పక్కింటి జపాన్ ఆవిడ టికెట్ మిగిలిందని జులై 5న నన్ను టోక్యో డోమ్‌కి తీసుకెళ్ళింది. కొరియా పాటల బృందం టీవీఎక్స్‌క్యూ, ఐదుగురు. డోమ్ అంతా ఎర్ర లైట్లు, పొద్దుగుంకేటప్పుడు మిరప కళ్ళం ఎలా ఉంటుందో అలా. భాష సగం అర్థమై సగం అర్థంకాకపోయినా ఏడుపు ఆగలేదు. ఆ నెల 31న ఐదుగురిలో ముగ్గురు, జేజుంగ్, యూచన్, జున్సు, తమ కంపెనీ మీద కోర్టుకెక్కారు. పదమూడేళ్ళ ఒప్పందమట. ఇరవై దాటీ దాటని పిల్లలు జీవితంలో సగం రాసిచ్చేశారు.

కొరియాలో అభిమానులు అప్పుడు చేసిన పని నేను మర్చిపోలేను. వీధుల్లోకొచ్చి అరవడంతో సరిపెట్టలేదు. లక్షకు పైగా సంతకాలు సేకరించి కోర్టుకి, మానవహక్కుల కమిషన్‌కి ఇచ్చారు. అక్టోబరులో సియోల్ కోర్టు ఆ ముగ్గురికీ చాలావరకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఒప్పందం ఏడేళ్ళకి మించకూడదనే నమూనా కూడా ఆ ఏడాదే ప్రభుత్వం తెచ్చింది. ఇంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ముగ్గుర్నీ టీవీలో కనపడనివ్వలేదు. అలా అడ్డుకోవద్దని 2013లో వాణిజ్య కమిషన్ చెప్పాల్సొచ్చింది. 2015 చివర్లో గానీ దాని మీద చట్టసవరణ రాలేదు. అంటే ఆరేళ్ళు పైనే. ఆ ఆరేళ్ళూ ఫైలు పట్టుకుని కూర్చున్న అభిమానులు ఉన్నారు. ముగ్గురి వైపు వాళ్ళూ మిగిలిన ఇద్దరి వైపు వాళ్ళూ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుని ఆ ఆరేళ్ళనీ పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నేను కొన్నాళ్ళు రెండో గుంపులోనే ఉన్నాను. నువ్వు ఆ గుంపులోకి పోకు.

ఇక నీ వీడియో సంగతి. మొట్టమొదట పూర్తి వీడియో వెతుకు. ఎవరు తీశారు, ఏ రోజు, ఏ ఎయిర్‌పోర్టు, ముందూ వెనకా ఏం జరిగింది. నేను ఒకసారి ఇలాంటి ముక్కే చూసి, ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగుతున్న సిబ్బంది మనిషిని నోటికొచ్చినట్టు తిడుతూ రాశాను, వందలమంది పంచుకున్నారు. మూడో రోజు పూర్తి వీడియో వచ్చింది. పక్కనుంచి వెనక్కి వస్తున్న వ్యాను కిందపడకుండా ఆయన ఆ పిల్లని లాగాడు. తప్పయిందని రాశాను. అది చదివింది పదిహేనుమంది. ఆయనకి ఇంట్లో పిల్లలుంటారు, ఆ వందలమంది రాతలు వాళ్ళ కంటపడి ఉంటాయి. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతూనే ఉంటుంది.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకో. తారీఖు, టైము (కొరియా టైమో మన టైమో కూడా), లింకు, ఎవరు పెట్టారు. స్క్రీన్‌షాట్‌తో పాటు అసలు వీడియో దాచుకో, ఎందుకంటే మర్నాటికి తీసేస్తారు. అనువాదం చేసిన సబ్‌టైటిల్స్‌ని నమ్మొద్దు, కొరియన్ వచ్చినవాళ్ళ చేత ఇద్దరి చేత చూపించు. నువ్వు కళ్ళారా చూసింది ఒక పేజీలో, విన్నది ఇంకో పేజీలో రాయి. 2022 అక్టోబరులో ఒమెగా ఎక్స్ అనే బృందం విషయం బయటికొచ్చింది అలాంటి జాగ్రత్త వల్లే. లాస్ ఏంజెలెస్ కచేరీ అయ్యాక కంపెనీ అధినేత సభ్యుల మీద అరుస్తున్న గొంతుని ఒక అభిమాని రికార్డు చేసి పెట్టారు. తర్వాతి నెలలో ఆ పిల్లలే లాయర్‌తో వచ్చి విలేకరుల ముందు కూర్చున్నారు, 2023 జనవరిలో కోర్టు ఒప్పందాన్ని నిలిపేసింది. మరుసటేడు కంపెనీ వైపు నుంచి ఒక సభ్యుడి మీద ఎదురు ఆరోపణ వచ్చింది. తాము విన్నంత వరకే రాసిన అభిమానులకి అప్పుడు వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒక్కటీ లేదు. ఇంకో సంగతి. కొరియా చట్టంలో నిజం చెప్పినా పరువునష్టం కేసు పెట్టొచ్చు. ప్రజల మేలు కోసమే చెప్పామని రుజువు చేసుకుంటే బయటపడతారు. కాబట్టి మాట తూచి వాడు.

రెండోది, ఆ పిల్లాడు తనంతట తాను ఏమన్నా చెప్పాడా? చెప్పకపోతే వాడి తరఫున "వాడికి ఇలా జరిగింది" అని కథ అల్లొద్దు. వాడు రాత్రి అదే డార్మిటరీకి, అదే మేనేజర్ దగ్గరికి వెళ్ళి పడుకోవాలి. నువ్వు రాసింది వాడి నెత్తిన పడుతుందా, వాడి భుజం మీద బరువు దించుతుందా? ప్రతి పోస్టుకీ ముందు ఇది ఆలోచించు. లైవ్‌లోకి వచ్చినప్పుడు కామెంట్లలో "నిన్ను కొట్టారా" అని అడిగే పిల్లలున్నారు. కెమెరా వెనక ఎవరు నిలబడ్డారో వాళ్ళకేం తెలుసు?

చెప్పినప్పుడు మాత్రం వెనకాడకూడదు. ది ఈస్ట్‌లైట్ అని చిన్నపిల్లల బ్యాండ్ ఉండేది. 2018 అక్టోబరు 19న డ్రమ్ములు వాయించే లీ సొక్‌చొల్, పద్దెనిమిదేళ్ళవాడు, ఏళ్ళ తరబడి తననీ తమ్ముణ్ణీ ప్రొడ్యూసర్ కొడుతున్నాడని విలేకరుల ముందు ఏడుస్తూ చెప్పాడు. కొరియా అధ్యక్ష భవనానికి జనం పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్‌కి సంతకాలు రెండు లక్షలు దాటాయి. చివరికి ఆ ప్రొడ్యూసర్‌కి ఏడాదీ నాలుగు నెలల జైలు ఖాయమైంది. నోరు విప్పింది ఆ పిల్లాడు. నోరు విప్పాక వాడు ఒంటరివాడు కాకుండా చూసుకుంది ఆ సంతకాలు.

ఆ అధ్యక్ష భవనం పిటిషన్లు 2022లో ఆపేశారు. ఇప్పుడున్నది వాళ్ళ పార్లమెంటుది. ముప్పై రోజుల్లో 50,000 సంతకాలు కావాలి, పైగా అక్కడి ఫోన్‌తో గుర్తింపు చూపాలి. గుంటూరు నుంచి నువ్వు చెయ్యలేవు. నువ్వు చెయ్యగలిగింది ఈమెయిల్. ఏజెన్సీకి, అంటే ఆ పిల్లల్ని నడిపించే కంపెనీకి, ఆ బృందంతో ప్రకటనలు చేయించుకునే కంపెనీలకి, కొరియా కార్మికశాఖకి. "పాపం పిల్లలు" అని రాస్తే ఎవరూ కదలరు. వాళ్ళ చట్టంలో పదిహేనేళ్ళలోపు పిల్లలకి వారానికి 35 గంటలు, ఆపై మైనర్లకి 40 గంటలు (వాళ్ళు ఒప్పుకుంటే ఇంకో ఆరు) మించి పని చేయించకూడదని ఉంది. మీ గ్రూపులో చిన్నవాడికి పదహారే అన్నావుగా. వాళ్ళు బయటపెట్టే షెడ్యూల్ చూసి, ఒక వారం గంటలు కూడి, ఇదిగో లెక్క అని రాయి. లెక్కకి జవాబు చెప్పాల్సొస్తుంది.

జవాబు నచ్చకపోవచ్చు కూడా. 2024లో న్యూజీన్స్ బృందంలో హానీ అనే అమ్మాయిని పనిచోట వేధించారని కార్మికశాఖకి ఫిర్యాదు పెట్టింది ఒక అభిమానే. అక్టోబరు 15న ఆ ఇరవై ఏళ్ళ పిల్ల పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కళ్ళనీళ్ళతో తన సంగతి చెప్పింది. నవంబరులో కార్మికశాఖ ఆ అమ్మాయి చట్టప్రకారం "కార్మికురాలు" కిందకి రాదని ఫైలు మూసేసింది. ఓడిపోయినట్టే కనపడుతుంది కదా? కానీ ఐడల్‌ని, అంటే ఇలాంటి బృందాల్లో పాడే పిల్లల్ని, కార్మిక చట్టం పనిచేసే మనిషిగా చూడటంలేదన్న మాట సర్కారు చేతే కాగితం మీద పెట్టించిందా ఫిర్యాదు. తర్వాత అడిగేవాళ్ళు అక్కణ్ణుంచి మొదలుపెడతారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, దీని కోసమే ఇంత పొద్దున కూర్చుని రాస్తున్నాను. మీ గ్రూపు చాట్‌లో చందాలేసుకుని ఏజెన్సీ ముందుకి ట్రక్కు పంపిద్దామంటున్నారట. ట్రక్కు మీద ఎల్‌ఈడీ తెర, దాని మీద మీ డిమాండ్లు. మంచికి వాడినవాళ్ళున్నారు. కానీ అభిమానుల డబ్బుతో ఎంత చెడు జరుగుతుందో కూడా చూడు. 2024 అక్టోబరులోనే రైజ్ అనే బృందంలో సుంగ్‌హాన్ అనే కుర్రాడు పది నెలల విరామం తర్వాత తిరిగొస్తున్నాడని కంపెనీ చెప్పింది. గాయకుడు కాకముందు నాటి సొంత ఫొటోలు ఎవరో బయటపెట్టారు, వాడి తప్పల్లా అంతే. వాడు రావడం ఇష్టంలేని అభిమానులు సియోల్‌లో ఆ కంపెనీ ఆఫీసు ముందు దండలు దించారు. మామూలు దండలు కావు. అక్కడ చావు ఇంటికి పంపే నిలువెత్తు తెల్ల చేమంతుల దండలు, వాటికి వేలాడే రిబ్బన్ల మీద వాడిని పొమ్మనే రాతలు. ఫుట్‌పాత్ పొడుగునా వందల కొద్దీ. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లాడు బతికుండగానే. రెండు రోజుల్లో వాడు తప్పుకున్నాడు. ఆ దండలకి డబ్బులు కట్టింది నీలాంటి ఆడపిల్లలే, తమ గ్రూపుని కాపాడుకుంటున్నామనే అనుకుని ఉంటారు. చందా వేసేముందు ఆ తెర మీద ఏ మాటలు రాస్తారో చదివి, అందులో ఏ పిల్లాడి పేరైనా తిట్టుతో కలిసి ఉంటే డబ్బు వెనక్కి తీసుకో.

మా టోక్యో పక్కింటావిడ మాట చెప్పి ఆపేస్తాను. ఆవిడ ముప్పై ఏళ్ళు జానీస్ అనే జపాన్ కంపెనీ తయారుచేసిన పాటల కుర్రాళ్ళ అభిమాని. ఆ కంపెనీ పెట్టిన జానీ కితగావా తన దగ్గరున్న కుర్రాళ్ళ మీద లైంగిక దాడులు చేస్తాడని 1999లోనే ఒక వారపత్రిక రాసింది, 2003లో టోక్యో హైకోర్టు ఆ రాతలో ముఖ్యమైన భాగం నిజమేనంది. టీవీలు నోరు మెదపలేదు. అభిమానులూ అంతే. 2019లో ఆయన చనిపోతే డోమ్‌లో సంతాపసభ పెట్టారు. 2023లో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చాక కొందరు అభిమానులే కలిసి, విచారణ జరపమని పదహారు వేల సంతకాలు కంపెనీకి ఇచ్చారు. సెప్టెంబరులో కంపెనీ తప్పు ఒప్పుకుంది, వెంటనే పెద్దపెద్ద ప్రకటనదారులు తప్పుకున్నారు. నేను ఫోన్ చేస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పత్రిక అప్పుడే కొన్నాను. చదివి పాత కాగితాల్లో కట్టేశాను. ఆ సాయంత్రం కచేరీకి వెళ్ళాను" అంది. ఆ సంతకాల్లో ఆవిడదీ ఉంది. ఆ ఏడే ముందుకొచ్చి చెప్పుకున్నవాళ్ళని డబ్బు కోసం అబద్ధాలాడుతున్నారని తిట్టినవాళ్ళూ అభిమానులే. ఆ తిట్లు పడ్డవాళ్ళలో ఒకాయన అక్టోబరులో ప్రాణం తీసుకున్నాడు.

నువ్వు ఆల్బమ్ కొనడం మానేస్తావో లేదో నీ ఇష్టం. మానేస్తే ఎందుకు మానేశావో కంపెనీకి రాసి మానెయ్యి, లేకపోతే వాళ్ళ లెక్కల్లో నువ్వు పాట నచ్చక పోయినదానివే అవుతావు. మేనేజర్ ఇల్లెక్కడో, భార్య ఎవరో వెతికేవాళ్ళుంటే ఆ గ్రూపులోంచి బయటికొచ్చెయ్. పన్నెండు దాటాక ఏదీ పోస్టు చెయ్యకు. నీకు వచ్చే సోమవారం నుంచి మిడ్ పరీక్షలు, నాకు తెలుసు.

పూర్తి వీడియో దొరికితే ఈలోపు పంపు. నా కొరియన్ స్నేహితురాలు శనివారం ఖాళీగా ఉంటుంది, అందులో మేనేజర్ ఏమన్నాడో విని చెబుతుంది. మెయిల్ తెలుగులోనే రాయి, నీ మనసులో ఉన్నది ఉన్నట్టు. ఆదివారం కూర్చుని ఇద్దరం దాన్ని కొరియన్‌లోకి మారుద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ పిన్ని