పాకం పట్టకుండా పండగ ఉండలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమ్మమ్మ రాసిపెట్టిన పుస్తకంలో సున్నుండలకి ‘సోల మినపప్పు, సోల బెల్లం, గిద్దెడు నెయ్యి’ అని మాత్రమే ఉంది. గ్లాసు లెక్కన చేస్తుంటే ఉండ చుట్టగానే విరిగిపోతోంది. ఎక్కడ తేడా వస్తోంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 4 గిద్దలు ఒక సోల. అంటే పప్పు, బెల్లం సమానం, నెయ్యి అందులో పావు వంతు. ఏ గ్లాసుతో కొలిచినా ఇదే లెక్క. అయితే సోలతో కొలిచింది పప్పుని, పిండిని కాదు. పిండి పట్టాక కొలిస్తే గుల్లగా పొంగి ఉంటుంది కాబట్టి బెల్లం పాళ్లు మారిపోతాయి. తూకంలో చెప్పాలంటే అర కిలో మినపప్పుకి 400 గ్రాముల బెల్లం తురుము, 150 గ్రాముల నెయ్యి.

ఉండ విరిగిపోవడానికి కారణం చాలావరకు మిక్సీయే. అమ్మమ్మల కాలంలో తిరగలిలో విసిరిన పిండి కాస్త బరకగా ఉండేది, దానికి గిద్దెడు నెయ్యి సరిపోయేది. మిక్సీ పిండి మెత్తన, నెయ్యి ఎక్కువ పీలుస్తుంది. అర కిలోకి 200 గ్రాముల దాకా పట్టొచ్చు. అందుకే పిండిని రవ్వ తగిలేలా పట్టండి. బెల్లం తురుము కలిపాక ఇంకోసారి మిక్సీలో తిప్పితే ఉండలు కట్టకుండా అంతటా పడుతుంది. నెయ్యి కరిగించి గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పొయ్యండి. మరిగే నెయ్యి పోస్తే బెల్లం కరిగి, చల్లారాక గట్టి పలుకులవుతుంది. గుప్పెడు పిండి పిడికిట్లో బిగిస్తే వేళ్ల అచ్చులు పడాలి, బొటనవేలితో నెట్టినా విడిపోకూడదు. అంతవరకే నెయ్యి. ముందే ఒక గుప్పెడు పిండి పక్కన పెట్టుకుంటే నెయ్యి ఎక్కువైనప్పుడు ఆదుకుంటుంది. పిండి కలవడం లేదని నీళ్లో పాలో మాత్రం చిలకరించకండి. ఉండలు నిలవ ఉండవు, తింటే జిగటగా పంటికి అంటుకుంటాయి.

వేయించడంలో తొందర పనికిరాదు. మందపాటి మూకుడులో, సన్నటి సెగ మీద అర కిలోకి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. పెద్ద మంట మీద పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చివాసన బెల్లం కలిపాక కూడా పోదు. ఒక గింజ చల్లార్చి కొరికితే కటుక్కుమనాలి. రెండు చెంచాల బియ్యం కూడా కలిపి వేయిస్తే ఉండ అంగిట్లో అతుక్కోదు. పొట్టు మినప్పప్పుతో చేస్తే రంగు తగ్గినా రుచి మాత్రం దానిదే.

ప్రశ్న: నువ్వుల లడ్డూలకి మిక్సీ పడితే నూనె కక్కి పేస్టులా అయింది. బాగు చేసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉంది. పల్లీలు వేయించి పొట్టు తీసి, బరకగా దంచి, ఆ ముద్దలో గుప్పెడు గుప్పెడు చొప్పున కలపండి. ఉండ నిలబడగానే ఆపెయ్యండి.

నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. మిక్సీ ఆపకుండా తిప్పితే బ్లేడు వేడికి అదంతా బయటికొస్తుంది. ఈసారి పావు కిలో నువ్వులకి 200 గ్రాముల బెల్లం తీసుకోండి. నువ్వులు చిటపటలాడి, కాస్త రంగు మారగానే పళ్లెంలోకి ఒంపెయ్యండి. పొయ్యి ఆపి మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి, ఆ చేదుకి విరుగుడు లేదు. గోరువెచ్చగా అయ్యాక రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ నాలుగైదు సార్లు, తర్వాత బెల్లం, యాలకుల పొడి వేసి ఇంకో రెండు సార్లు. సగం గింజలు నలగకుండా కనిపించాలి. నెయ్యి అక్కర్లేదు, ఊరిన నూనెతోనే ఉండ కడుతుంది. రోలు ఉంటే రోట్లోనే దంచండి, ఆ రుచి మిక్సీకి రాదు.

ప్రశ్న: వీటికి కొత్త బెల్లం మంచిదా, పాతదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పొడిగా ఉన్నది ఏదైనా సరే. పండగ ముందు వచ్చే కొత్త బెల్లంలో చెమ్మ ఎక్కువ. తురిమి, పళ్లెంలో పలచగా పరిచి, గంటసేపు ఫ్యాను కింద ఆరబెట్టండి. పాకంలో అయితే బెల్లాన్ని వడకడతాం, ఇక్కడ ఆ వీలు లేదు. కొనేముందు చిన్న ముక్క గ్లాసు నీళ్లలో కరిగించి అడుగున ఇసుక దిగుతుందేమో చూడండి. పచ్చగా మెరిసే దిమ్మకన్నా ముదురు రంగుది నయం. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది.

ప్రశ్న: ఇక్కడి చలికి సున్నుండలు రాళ్లలా బిగుసుకుంటున్నాయి. పిల్లల స్కూల్లో కూడా పంచాలనుకుంటున్నాం. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: బిగుసుకున్నది నెయ్యి, ఉండ పాడవలేదు. ఒక్కొక్క ఉండని ఐదారు సెకన్లు మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది. చుట్టేటప్పుడు పిండి గిన్నెని వేడినీళ్ల గిన్నెలో ఉంచుకోండి, ఆవిరి చెమ్మ మాత్రం పిండికి తగలనివ్వద్దు.

స్కూలుకైతే ముందు టీచర్‌ని అడగండి. అమెరికాలో అలర్జీ కలిగించే ముఖ్య పదార్థాల జాబితాలో వేరుశనగలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా చేరాయి. సున్నుండల్లో ఈ రెండూ ఉండవు గానీ, జీడిపప్పు వేస్తే అదీ అలర్జీ పదార్థమే, నెయ్యి పాల పదార్థమే. పప్పులు పడని పిల్లలూ ఉంటారు. డబ్బా మీద మినపప్పు, బియ్యం, బెల్లం, నెయ్యి అని వరసగా రాసి అంటించండి. నువ్వులు, పల్లీలు పట్టిన మిక్సీ జారులోనే మినపప్పు కూడా పడితే ఆ సంగతీ దాని మీద రాయండి.