పశువుల పాక ఇంట్లో కట్టాలంటే ప్రొవాన్స్ పద్ధతే

ఏ దేశంలో క్రిస్మస్ పశువుల పాక ఎలా పెడతారు, మన ఇంట్లో పెట్టుకోవడానికి ఏది వీలుగా ఉంటుంది అని అడిగారు. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి గడ్డి పరిచిన దగ్గర్నుంచి, పోలండ్‌లో క్రాకో వాళ్లు రంగురేకులతో కట్టే గోపురాల దాకా చాలా రకాలున్నాయి. ఇంటికి మాత్రం దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ పద్ధతిని మించింది లేదు. ఇటలీలోని నేపుల్స్ బొమ్మకి తీగతో కట్టిన ఒళ్లు, గాజు కళ్లు, పట్టుబట్టలు కావాలి. ప్రొవాన్స్ బొమ్మకి గుప్పెడు మట్టి చాలు.

ఆ బొమ్మల్ని సాంతోన్లు అంటారు. ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చిలు మూతపడితే జనం పాకను ఇళ్లలోకి తెచ్చుకున్నారు. ప్రొవాన్స్‌లోని మార్సే నగరంలో జాన్ లూయీ లాన్యెల్ ప్లాస్టర్ అచ్చులతో చవకగా మట్టిబొమ్మలు తీశాడు. అక్కడ 1803లో మొదలైన సాంతోన్ల సంత ఇప్పటికీ సాగుతోంది. మరియమ్మ, యోసేపులతో పాటు సాన పట్టేవాడు, చేపలమ్మే ఆవిడ, పిండిమర ఆసామి, ఆశ్చర్యంతో రెండు చేతులూ పైకెత్తిన ‘రావి’ అనే అమాయకపు ఊరివాడు అందరూ వస్తారు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు బాల యేసుకి తెస్తారు. అసలు అందమంతా ఇక్కడే ఉంది. బజార్లో దొరికే రెజిన్ సెట్టులో ఊరివాళ్లు ఒక్కరూ ఉండరు, బొమ్మలన్నీ ఒకే ఎత్తు. అది కొనకండి.

చేసే తీరు ఇది. మెత్తటి బంకమట్టితో మూలబొమ్మ చేసి, దాని మీద ప్లాస్టర్‌తో ముందు సగం, వెనక సగం అచ్చులు తీయాలి. మట్టి ఆరి కాలేసరికి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. 7 సెంటీమీటర్ల బొమ్మ కావాలంటే మూలబొమ్మ దాదాపు 7.8 ఉండాలి. రెండు సగాల్లో మట్టి గట్టిగా నొక్కి, కలిపి అదిమి, కాసేపాగి విప్పాలి. వరసగా చాలా బొమ్మలు తీస్తే ప్లాస్టర్ నీళ్లు పీల్చేసుకుని మట్టి అంటుకుపోతుంది. అప్పుడు అచ్చును ఆరబెట్టాల్సిందే. చాచిన చేతులు, టోపీ, బుట్ట విడిగా చేసి పలచగా కలిపిన మట్టితో అతికిస్తారు. అతుకు పచ్చిగా ఉన్నప్పుడే వేయాలి. ఒళ్లు ఆరిపోయాక వేస్తే ఊడి చేతికొస్తుంది. అంచుల గీత చాకుతో గీకేసి నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి మెడ దగ్గర పగులుతుంది. లోపల తడి మిగిలితే కాల్చేటప్పుడు పేలుతుంది. కుమ్మరి ఆవం అందుబాటులో లేకపోతే బాగా ఆరిన పచ్చి మట్టి మీదే రంగులు వేయండి, మొదట్లో ప్రొవాన్స్ వాళ్లూ కాల్చలేదు.

కొండలకి గోధుమరంగు కాగితం నలిపి, మళ్లీ సగం విప్పి, పైన బూడిదరంగు అద్దుతారు. థర్మోకోల్ వాడితే స్ప్రే పెయింటు కొట్టొద్దు, కరిగి గుంటలు పడుతుంది. ముందు వరసలో 7 సెంటీమీటర్ల బొమ్మలు, వెనక కొండ మీద 3 సెంటీమీటర్లవి పెడితే రెండడుగుల బల్ల మీద ఊరంత దూరం కనిపిస్తుంది. నాచు కోసం గట్లు గీకి తేవడం మాత్రం దారుణం. అది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. రంగేసిన రంపపు పొట్టు చాలు.

డిసెంబర్ 4న, సెయింట్ బార్బరా పండగ రోజు, ప్రొవాన్స్‌లో మూడు పళ్లాల్లో తడి దూది మీద గోధుమలు చల్లుతారు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించినట్టే, పచ్చగా ఎదిగితే పంట బాగుంటుందని నమ్మకం. మన వాతావరణంలో 4న వేస్తే క్రిస్మస్ నాటికి పసుపెక్కి వాలిపోతాయి. 14 ప్రాంతంలో వేయండి. గింజలు నీళ్లలో తేలకూడదు, బూజు పడతాయి.

బాలుణ్ణి 24 అర్ధరాత్రి దాకా తొట్టిలో పెట్టకూడదు. పాక కట్టిన రోజే పడుకోబెట్టేస్తే ఇక ఎదురుచూడ్డానికేం మిగులుతుంది? జ్ఞానులు జనవరి 6న పాక చేరాలి. ఫిబ్రవరి 2న అన్నీ తీసి, ఒక్కో బొమ్మనీ పాత పేపర్లో చుట్టి అట్టపెట్టెలో సర్దండి. ప్లాస్టిక్ కవర్లో కడితే తడి లోపలే నిలిచి, కాల్చని మట్టి మెత్తబడుతుంది.