వారంటీలోనే పదేపదే ఆగిన వరికోత మిషన్: కొత్తది అడగొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. ఆరెకరాల సొంత పొలం ఉంది. పోయినేడు వానాకాలం కోతలకు ముందు రూ.27 లక్షలకు చైన్ హార్వెస్టర్ (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే వరికోత మిషన్) కొన్నాను. 7 లక్షలు నేను కట్టి, మిగతాది ఫైనాన్స్ కంపెనీలో ఆరు నెలలకోసారి కట్టే కిస్తీల మీద తీసుకున్నాను. మా పొలం కోసుకున్నాక చుట్టుపక్కల ఊళ్లలో కిరాయికి తిప్పుతాను. సీజన్‌లో ఒక డ్రైవర్‌ను పెట్టుకుంటాను, మిషన్ వెంట నేనూ ఉంటాను. ఏడాది లేదా 1,000 గంటలు, ఏది ముందైతే అంతవరకు వారంటీ. ఇప్పటికి 780 గంటలు తిరిగింది. ఈలోపే ఫీడర్ చైన్ (కోసిన మోపును లోపలికి లాగేది) నాలుగుసార్లు తెగింది, హైడ్రాలిక్ పంపు రెండుసార్లు మార్చారు, గింజ రాల్చే డ్రమ్ము షాఫ్ట్ బేరింగ్ మూడుసార్లు కాలిపోయింది. పదమూడో నెలలో పంపు మళ్లీ పోతే వారంటీ అయిపోయింది అంటున్నారు. 'బురదలో దింపావు, కిరాయికి తిప్పావు, వినియోగదారుల కోర్టుకు పోయినా నీ కేసు నిలవదు' అంటున్నాడు డీలర్. కొత్త మిషన్ గానీ, డబ్బు గానీ వస్తుందా? అప్పటిదాకా కిస్తీలు ఆపొచ్చా?

జవాబు: కిస్తీలు మాత్రం ఆపకండి. మిషన్ అమ్మిన ఒప్పందం వేరు, అప్పు ఒప్పందం వేరు. మిషన్ చెడిపోయిందన్నది ఫైనాన్స్ కంపెనీకి చెప్పుకోదగ్గ జవాబు కాదు. బాకీ పడితే వాళ్లు మిషన్ను తీసుకుపోయి వేలం వేస్తారు. దాంతో అప్పు తీరకపోగా, మీ కేసుకు అసలు సాక్ష్యమైన మిషనే చేజారిపోతుంది. కట్టలేని స్థితి ఉంటే గడువు మార్చమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఆ దరఖాస్తు నకలు, వాళ్లిచ్చిన జవాబు దాచుకోండి. నష్టం లెక్క చెప్పేటప్పుడు అవి పనికొస్తాయి.

ఇక డీలర్ అన్న 'కిరాయి' మాట. ఇది ఉత్త బెదిరింపు కాదు. వినియోగదారుల కమిషన్ (మనం వినియోగదారుల కోర్టు అనేది ఇదే) ముందు తయారీ కంపెనీ లాయరు మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి వస్తువు కొన్నవారు వినియోగదారులు కారు. అయితే ఆ సెక్షన్ కిందనే వివరణ ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే వ్యక్తికి ఆ మినహాయింపు తగలదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో (1995) సుప్రీంకోర్టు దీన్ని ఉదాహరణలతో విడమరిచింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు, లారీ కొని తానే తిప్పుకునేవాడు, లేత్ మిషన్ కొని తానే పని చేసుకునేవాడు వినియోగదారులే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు.

మీకున్నది ఒక్క మిషన్, ఒక్క డ్రైవర్, వెంట మీరు. కాబట్టి మీ పరిస్థితి ఆ ఉదాహరణల్లో ఇముడుతుంది. అదే మూడు మిషన్లు కొని, ఏజెంటుకు అప్పగించి ఇంట్లో కూర్చుని కిరాయి లెక్క చూసుకునేవారికి ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. ఈ సంగతులన్నీ ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి: సొంత పొలం ఎంత, కుటుంబానికి వేరే ఆదాయం ఉందా, మిషన్ను ఎవరు నడుపుతారు, డ్రైవర్ ఏం చేస్తాడు, మీరేం చేస్తారు. 'బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధిగా' అన్న మాట ఫిర్యాదులోనే లేక ఓడిపోయిన కేసులు తక్కువేమీ కాదు. పట్టాదారు పాసుపుస్తకం నకలు జత చేయండి. మిషన్ తండ్రి పేరున ఉండి కొడుకు నడిపే ఇళ్లు చాలా ఉంటాయి. అలాంటివారు ఆ సంగతి కూడా మొదటే చెప్పాలి. తర్వాత చెబితే అల్లినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 'రోజుకు పది గంటలు, గంటకు ఇంత కిరాయి, నలభై రోజులు ఆగింది, అందుకు ఇన్ని లక్షలు ఇప్పించండి' అని పెద్ద లెక్క వేస్తారు. ఆ లెక్కే మీది పెద్ద వ్యాపారమని ఎదుటివాళ్లు చూపించడానికి ఆధారమవుతుంది. కమిషన్లు కూడా అంత మొత్తం ఇవ్వడం అరుదు. దానికి బదులు మిషన్ ఆగిన రోజుల్లో డ్రైవర్‌కు కట్టిన జీతం, ఆ కాలానికి అప్పు మీద పడిన వడ్డీ, మీరు సొంతంగా పెట్టిన విడిభాగాల బిల్లులు, మీ ఆరెకరాలు బయటి మిషన్‌తో కోయించిన ఖర్చు అడగండి. వాటికి రసీదులుంటాయి. మానసిక వేదనకు, కేసు ఖర్చులకు ఒక మొత్తం విడిగా అడగవచ్చు.

అసలు తగాదా లోపం గురించి. మిషన్ ఎన్నిసార్లు ఆగిందన్నది కమిషన్‌కు ముఖ్యం కాదు, ఎందుకు ఆగిందన్నదే ముఖ్యం. కట్టర్ బ్లేడ్లు, బెల్టులు, ఫిల్టర్లు, రబ్బరు చైన్లు అరిగే సామాన్లు. చాలా వారంటీ పుస్తకాల్లో వీటికి మినహాయింపు రాసి ఉంటుంది. రేడియేటర్ జాలీకి పొట్టు పట్టి ఇంజన్ వేడెక్కితే అది శుభ్రం చేయని తప్పే అంటారు. పడిపోయిన వరిని, పచ్చి గడ్డి ఎక్కువున్న మడిని వేగంగా కోస్తే మోపు ఒక్కసారి లోపలికి పోయి ఫీడర్ చైన్ మీద భారం పడుతుంది. అలా తెగితే కంపెనీ 'ఆపరేటర్ తప్పు' అంటుంది, ఒక్కోసారి ఆ మాట నిజం కూడా. అందువల్ల నాలుగుసార్లు తెగిన ఫీడర్ చైన్ మీ కేసులో బలహీనమైన అంశం. దాన్ని ముందు పెట్టుకోవద్దు.

మీ బలం పంపు, డ్రమ్ము బేరింగ్. 780 గంటల్లో అదే పంపు మూడుసార్లు పోయిందంటే పంపు నాసిరకమై ఉండాలి, లేదా నూనె చల్లబడే ఏర్పాటులోనో, లైన్లోనో, బిగింపులోనో తేడా ఉండాలి. బేరింగ్ మూడుసార్లు కాలిందంటే షాఫ్ట్ వంకర, డ్రమ్ము బ్యాలెన్స్ తప్పడం, బేరింగ్ కూర్చునే గూడు కొలత తేడా వంటి కారణాలు చూడాలి. విడిభాగం మార్చి పంపేసి మూలకారణం వెతకలేదన్నదే మీ వాదన కావాలి. దాన్ని నిలబెట్టేవి జాబ్ కార్డులు, అంటే చేసిన రిపేరు వివరాలు డీలర్ రాసే కాగితాలు. ప్రతి రిపేరుకు తేదీ, గంటల మీటర్ రీడింగ్, మార్చిన భాగం నంబరు ఉన్న కార్డు నకలు డీలర్ దగ్గర అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వలేదన్నదీ సాక్ష్యమే.

ఇక ముందు రిపేరు జరిగితే ఖాళీ కార్డు మీద సంతకం పెట్టవద్దు. 'సంతృప్తికరం' అని ముందే అచ్చు వేసి ఉంటే దాని పక్కనే 'ఇదే లోపం మూడోసారి, కారణం చెప్పలేదు' అని తెలుగులోనే రాసి సంతకం చేయండి. విప్పిన పాత భాగాన్ని వాళ్లకు ఇవ్వాల్సి వస్తే నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. గంటల మీటర్ కనిపించేలా వీడియో తీయండి. డీలర్‌తో నడిచిన వాట్సాప్ సంభాషణలను తొలగించవద్దు. ఫోన్ మార్చినా పాత ఫోన్ దాచండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువీకరణ పత్రం జత చేస్తే తర్వాత అభ్యంతరాలు తగ్గుతాయి.

సర్వీసు సంగతి కూడా నిక్కచ్చిగా చూసుకోండి. మొదటి సర్వీసు నుంచి మాన్యువల్‌లో రాసిన గంటలకు చేయించారా? నూనె ఏ గ్రేడు, బిల్లు ఉందా? 'సర్వీసు వంద గంటలు ఆలస్యం, బయటి నూనె పోశారు, లోకల్‌గా వెల్డింగ్ చేయించారు' అన్న మూడు మాటలతోనే కంపెనీలు చాలా కేసుల నుంచి బయటపడతాయి. కోతల మధ్యలో మెకానిక్ రాక వెల్డింగ్ చేయించుకున్నారా? అయితే ఆ రోజు డీలర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేశారో కాల్ వివరాలు తీయండి.

వారంటీ ముగిసిందన్న వాదనకు భయపడనక్కర్లేదు. లోపం వారంటీ లోపలే మొదలై, మీరు అప్పుడే చెప్పి, వాళ్లు రెండుసార్లు మార్చినా పోలేదు. పదమూడో నెలలో వచ్చింది కొత్త లోపం కాదు, తీరని పాత లోపమే. పైగా వస్తువుల అమ్మకం చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. తడి మడిలో దిగడం కోసమే చైన్ మిషన్ కొంటారు. ఆ సంగతి ప్రచార కరపత్రంలోనే రాసి, తర్వాత 'బురదలో దింపావు' అనడం కుదరదు. ఆ కరపత్రం ఇంట్లో ఉంటే పారేయకండి.

కొత్త మిషన్ వస్తుందా అంటే, తయారీ లోపం రుజువైతేనే. మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో (2006) సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైతే మొత్తం వాహనాన్ని మార్చమని ఆదేశించలేరని చెప్పింది. అందుకని ఒకే కోరిక పెట్టుకోకండి. మొదట మిషన్ మార్పిడి లేదా ధర వాపసు, అది కాకుంటే మూలకారణం సరిచేసి పంపు వ్యవస్థ, డ్రమ్ము భాగం కొత్తవి ఉచితంగా వేసి ఆ రోజు నుంచి కొత్త వారంటీ, రెండింటిలో ఏది ఇచ్చినా దాంతోపాటు పైన చెప్పిన నష్టపరిహారం అని వరుసగా అడగండి. నా అంచనాలో మీ కాగితాలు సరిగ్గా ఉంటే రెండోది దక్కే అవకాశం ఎక్కువ, మొదటిది నిపుణుడి నివేదికను బట్టి ఉంటుంది.

ఆ నివేదిక కోసం ఫిర్యాదుతో పాటే దరఖాస్తు వేయాలి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే పరీక్షకు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) కింద జిల్లా కమిషన్‌కు ఉంది. సంగారెడ్డి జిల్లా కండిలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి ప్రభుత్వ సంస్థ అధ్యాపకులను నియమించమని కోరవచ్చు. ఆంధ్ర వైపు వారికి బాపట్ల కళాశాల ఉంది. కోత మిషన్ విషయంలో లాయర్లు సైతం మరిచేది ఒకటుంది: షెడ్డులో ఖాళీగా తిప్పితే ఈ లోపాలు బయటపడవు. పంపు వేడెక్కాలన్నా, బేరింగ్ కాలాలన్నా నిలిచిన పంటలో భారం మీద కొన్ని గంటలు నడవాలి. కాబట్టి పరీక్ష తేదీ యాసంగి కోతల్లో, ఏప్రిల్ లోపల పడేలా అడగండి. ఆ తేదీ జారితే మళ్లీ అక్టోబరు దాకా ఆగాలి. పరీక్షకు రెండు పక్షాలకూ నోటీసు వెళ్లాలి. నూనె ఉష్ణోగ్రత, షాఫ్ట్ వంపు, బేరింగ్ గూడు కొలత, గంటల మీటర్, పొలం తేమ స్థితి నమోదు చేయమని దరఖాస్తులోనే రాయండి. 'మిషన్ పనిచేస్తోందా' అని ఒక్క ప్రశ్న వేస్తే 'పనిచేస్తోంది' అన్న జవాబే వస్తుంది. పరీక్ష అయ్యేదాకా బయటి మెకానిక్‌తో పంపు విప్పించకండి.

పద్ధతి ఇదీ. ముందు డీలర్‌కు, తయారీ కంపెనీకి విడివిడిగా 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి తప్పు ఏమిటో కూడా విడిగా రాయండి. డీలర్ చేసిన ప్రతి తప్పుకూ కంపెనీ బాధ్యత వహించదని టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పాలో వాజ్ కేసులో (2021) సుప్రీంకోర్టు చెప్పింది. కట్టిన ధర రూ.50 లక్షల లోపు కాబట్టి మీది జిల్లా కమిషన్ పరిధి. ఇరవై నుంచి యాభై లక్షల మధ్య ధరకు ఫీజు రూ.1,000. బిల్లు వెనక 'తగాదాలు ఫలానా నగరం కోర్టులోనే' అని ఉన్నా, మీరు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తుంది. ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉన్నా కమిషన్‌కు వెళ్లడానికి అడ్డు కాదు. ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, ఆపైన కుదరదు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, అదే చట్టం సెక్షన్ 69. చివరి రిపేరు నుంచి లెక్క వేయవచ్చని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకుండా మొదటిసారి పంపు మార్చిన తేదీ నుంచి లెక్కపెట్టుకుని ఆ లోపే వేయండి. ఒకవేళ మీరు వినియోగదారు కారని కమిషన్ తేల్చినా దారి మూసుకోదు. అమ్మకం చట్టం సెక్షన్లు 16, 59, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. దానికి గడువు మూడేళ్లు, కోర్టు ఫీజు ఎక్కువ. కమిషన్‌లో గడిచిన కాలాన్ని మినహాయించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద అడగవచ్చు.

2019 చట్టంలో 'ఉత్పత్తి బాధ్యత' అనే అధ్యాయం ఉంది కదా, దాని కింద లక్షలు రాబట్టవచ్చని మీకెవరైనా చెప్పవచ్చు. మిషన్‌కే జరిగిన నష్టం, వారంటీ ఉల్లంఘన, ఆదాయ నష్టం ఆ అధ్యాయంలోకి రావని సెక్షన్ 2(22) చెబుతోంది. లోపం వల్ల మంటలు లేచి మనిషికి గాయమైనా, పక్క రైతు కుప్ప కాలినా అది వర్తిస్తుంది. అలాగే మోటారు బీమాలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు పరిహారం రాదు. అగ్నిప్రమాదమైతే మాత్రం వెంటనే బీమా కంపెనీకి తెలపాలి.

సబ్సిడీ మీద కొని ఉంటే మండల వ్యవసాయ అధికారికి కూడా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఆయన డబ్బు ఇప్పించలేరు గానీ, పథకం జాబితాలో ఉన్న కంపెనీ ఆ కాగితానికి కొంత తొందరగా కదులుతుంది. అన్నిటికన్నా ముందు, నోటీసు రాయించకముందే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు నోటీసులో వేయించండి.