నాకు తత్వశాస్త్రం అర్థమైంది సంపు దగ్గర

ప్రశ్న: తత్వశాస్త్రం చదవడం వల్ల, రాజకీయాలు పట్టించుకోవడం వల్ల మనిషి తనలోని శక్తిని పూర్తిగా వాడుకోగలడా? మీ జీవితంలో ఏమైనా ఉపయోగపడ్డాయా?

ఉపయోగపడ్డాయి. కాకపోతే ఈ ప్రశ్న ఎవరు అడిగినా "నేనెలా ఎదగాలి" అనే అడుగుతారు. పక్క మనిషి ఎదగకుండా నేనెక్కడ అడ్డంగా నిలబడ్డాను అని అడిగినవాళ్లను నేను చూడలేదు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే.

నాది అనంతపురం. బెంగళూరు వచ్చి పదహారేళ్లయింది. వైట్‌ఫీల్డ్ వైపు 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. 2024 వేసవి ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోలేరు. ఊళ్లో ఉన్న దాదాపు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా వేశారు. మా వైపు పాత ఊళ్లు నగరంలో కలిసినా కావేరి నీళ్లు అప్పటికి ఇంకా రాలేదు. మా బోరు సంక్రాంతికే నీరసించిపోయి, మార్చికి పూర్తిగా ఆగిపోయింది. రోజుకు మూడు ట్యాంకర్లు, ఒక్కోటి 12,000 లీటర్లు. అయినా సాయంత్రం ఆరయ్యేసరికి కొళాయిలో గాలి వచ్చేది.

అసోసియేషన్ వాళ్లు బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, నలభై మందిమి. ట్రెజరర్ ల్యాప్‌టాప్‌లో లెక్కలు చూపించి, కొన్న నీళ్లకూ వాడకానికీ పొంతన కుదరడం లేదు, ఎక్కడో వృథా అవుతోంది అన్నారు. వృథా అనగానే అందరి చూపూ హౌస్‌కీపింగ్ వాళ్ల మీద పడింది. మెట్లు కడగడం ఆపేయాలి, పనివాళ్ల బాత్‌రూమ్ కొళాయికి తాళం వేయాలి అన్నారు. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. నేనూ చెయ్యెత్తాను.

అప్పుడు లిఫ్ట్ పక్కన బకెట్ పట్టుకుని నిలబడి ఉంది కదిరి అక్క. అందరం ఆమెను అలాగే పిలుస్తాం. మీటింగ్ అంతా ఇంగ్లీషులో నడిచింది కాబట్టి ఆమెకు మాటలు అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. మెల్లగా నా వెనక్కి వచ్చి, "సార్, ఆ ట్యాంకరు నీళ్ల గురించి ఒక మాట చెప్పల్ల" అంది. "తర్వాత మాట్లాడదాం అక్కా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ నెలలోనే నేను ఆదివారం ఆదివారం మరో ముగ్గురితో కూర్చుని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ను చదువుతున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆమే నన్ను సంపు దగ్గరికి తీసుకెళ్లింది. చేతిలో కరెంటు వైర్లు దూర్చే తెల్లటి ప్లాస్టిక్ పైపు ఒకటి ఉంది. దాని మీద జానకొక గీత, ఎర్రటి గోళ్లరంగుతో. గోళ్లరంగైతే నీళ్లకు పోదని అది వాడిందట. ట్యాంకర్ వచ్చే ముందు మోటార్ ఆపుతుంది. పైపు నిట్టనిలువుగా దించి, తడి ఎంతవరకు అంటిందో చూస్తుంది. ట్యాంకర్ ఖాళీ అయ్యాక మళ్లీ దించుతుంది.

"సంక్రాంతప్పుడు వచ్చే బండికి నాలుగు జానలు ఎక్కేది సార్. ఈ బండి మారినకాడి నుంచి మూడే ఎక్కుతాండాది. నేను నలభై దినాలుగా చూస్తాండా."

నేను టేపు తెచ్చి కొలిచాను. మా సంపు ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. 12,000 లీటర్లు పోస్తే 80 సెంటీమీటర్లు పెరగాలి. ఆమె జాన సరిగ్గా ఇరవై. అంటే నాలుగు జానలు. మూడే పెరుగుతున్నాయంటే ట్యాంకర్‌కు మూడు వేల లీటర్లు రావడం లేదు. నలభై రోజుల్లో మూడు లక్షల అరవై వేల లీటర్లకు డబ్బు కట్టి, దొంగతనం బకెట్ పట్టుకున్న మనిషి మీద వేశాం. ఆ మార్చిలోనే జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకర్‌కు ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలని రేటు కట్టింది. మేమంతా రేటు మీద గొంతు చించుకున్నాం. కొలత చూసింది ఆమె ఒక్కతే.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవురడిగినారు సార్?"

ప్రశ్న అడిగినవారికి నా జవాబు ఇక్కడుంది. కొలవడం, పోల్చుకోవడం, నలభై రోజులు ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడం, ఇవన్నీ ఆ మనిషికి ముందు నుంచీ ఉన్నాయి. ఎవరూ వచ్చి ఆమెలోంచి తట్టి లేపలేదు. లేనిదల్లా కూర్చోవడానికి ఒక కుర్చీ, ఆమె మాట వినే చెవి. మనిషిని రాజకీయ ప్రాణి అన్నాడు అరిస్టాటిల్. ఏది న్యాయమో ఏది అన్యాయమో చెప్పగల మాట మనిషికి మాత్రమే ఉందని, అందుకే అలా అన్నానని వివరించాడు. ఆ మాటకు నేను దండం పెడతాను. కానీ ఆ పెద్దమనిషే ఆడవాళ్లనీ బానిసలనీ ఆ సభలోంచి బయట ఉంచాడు. అన్ని శతాబ్దాల తర్వాత మా బేస్‌మెంట్‌లో మేమూ అదే పని చేశాం. తత్వశాస్త్రం చదివితే ఏం వస్తుందంటే, ఇలాంటిది చూసినప్పుడు కడుపులో ఒక మెలి తిరుగుతుంది. దాన్ని తప్పించుకోలేం.

పోయినేడాది మా కంపెనీ వాళ్లు ఒక ట్రైనర్‌ను పిలిపించారు. మనం మెదడులో పది శాతమే వాడుతున్నామని మొదలుపెట్టాడు. అది పచ్చి అబద్ధం, మెదడు మొత్తం పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత మనిషి అవసరాలను మెట్లుమెట్లుగా పేర్చిన పిరమిడ్ చూపించాడు, మాస్లో అనే అమెరికన్ మనస్తత్వవేత్త పేరు చెప్పి. మాస్లో 1943లో రాసిన వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, తర్వాతివాళ్లు గీసి ఆయనకు అంటగట్టారు. అవి పోనీ, మనిషి ఎదగకపోవడానికి కారణం అతని మనసులోనే ఉందని రోజంతా చెప్పి వెళ్లాడు. తలుపు బయట గడియ పెట్టి, లోపలివాణ్ని నీకు సంకల్పబలం లేదు అన్నట్టుంది. ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1979 నుంచీ చెబుతున్నది దీనికి పూర్తిగా వేరు: ఎవరి చేతిలో ఎంత ఉందని కాదు, ఉన్నదానితో వాళ్లు నిజంగా ఏం చేయగలుగుతున్నారు, ఏం కాగలుగుతున్నారు అని చూడమన్నాడు. ఓటు మా ట్రెజరర్‌కూ ఒకటే, కదిరి అక్కకూ ఒకటే. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది ఇదే కదా! రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం అన్నాడు. నేనిదంతా పుస్తకంలో గీతలు కొట్టుకుంటూ చదివినవాణ్నే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదటి నియమం "రాజకీయాలు వద్దు". నీళ్ల గురించి మాట్లాడితే రాజకీయం, రోడ్డు గురించి మాట్లాడితే రాజకీయం. గుడ్ మార్నింగ్ బొమ్మలు మాత్రం ఎన్నైనా పెట్టుకోవచ్చు. చదువుకున్నవాళ్లు రాజకీయాలను మురికి అనుకుని చేతులు కడుక్కుంటే ఆ చేతులకు నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయి? ఇదే ఊళ్లో డి.వి.జి. అని, డి.వి. గుండప్ప అనే కన్నడ కవి ఉండేవారు. ఆంధ్రకు దగ్గరే, కోలారు జిల్లా ముళబాగిలు ఆయనది. బెంగళూరులో ఆటోడ్రైవర్ కూడా ఆయన తాత్విక పద్యం ఒకటి చెప్పగలడు. అంతటి తత్వవేత్త 1945లో పెట్టింది ఆశ్రమం కాదు, జనం ప్రభుత్వ వ్యవహారాలు చదివి చర్చించుకోవడానికి గోఖలే పేరుతో ఒక సంస్థ. నరసింహరాజ కాలనీలో ఇప్పటికీ ఉంది. తత్వం వేరు, పౌరుడి పని వేరు అని ఆయన అనుకోలేదు. మనకెందుకు అలా అనిపిస్తోంది?

సరే, ఆ ఆదివారం మళ్లీ మీటింగ్ పెట్టించాను. కదిరి అక్క కుర్చీలో కూర్చోవాలి, లేకపోతే నేనూ నిలబడతాను అన్నాను. ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు. ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది, పైపు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడింది, నేను ఇంగ్లీషులో చెప్పాను. రెండు నిమిషాలయ్యాక నా అవసరం లేకపోయింది. మూడో అంతస్తు తమిళ ఆంటీ లేచి నేరుగా కన్నడంలో అడగడం మొదలుపెట్టారు, ఆమె నేరుగా జవాబు చెప్పింది. గొంతు మారింది. మొదట్లో ప్రతి మాటకూ "సార్" ఉండేది, చివరికి వచ్చేసరికి "చూడండి, ఈ గీతకాడికి రావల్ల" అని పైపు ఎత్తి చూపించింది.

మర్నాడు ట్యాంకర్ రాగానే ఆరుగురం నిలబడి కొలిచాం. మూడు జానలే. డ్రైవర్ కాసేపు వాదించాడు. దారిలో ఇంకెక్కడో దింపి వచ్చేవాడో, అసలు నిండా పట్టేవాడే కాదో మాకు తేలలేదు. ఆ సాయంత్రం నుంచి మాత్రం నాలుగు జానలు ఎక్కాయి. కొళాయి తాళం తీశారు. ట్యాంకర్ రిజిస్టర్ ఇప్పుడు ఆమె చేతిలో ఉంది, తేదీ, జానలు ఆమే రాస్తుంది. జీతం మాత్రం రూపాయి పెరగలేదు. దాని కోసం నేను రెండుసార్లు అడిగాను, మూడోసారీ అడుగుతాను.

ఓ వారం పోయాక అక్క నన్ను గేటు దగ్గర ఆపింది. వాళ్లు ఉండేది వెనక వీధిలో రేకుల షెడ్లలో. అక్కడ నలభై కుటుంబాలకు ఒక్క ట్యాంకు.

"సార్, మా షెడ్లకు నీళ్లు కావాలంటే ఎవుర్ని అడగల్ల? మా ఊర్లో అయితే సర్పంచి ఇంటి ముందర బిందెలు పెట్టుకొని కూర్చుంటాం. ఈడ ఎవురింటి ముందర కూర్చోవల్ల?"

నేను ఫోన్ తీసి పేరు కోసం వెతికాను. అప్పటికి బెంగళూరులో కార్పొరేషన్ ఎన్నికలు చివరిసారి జరిగింది 2015లో. కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులో అయిపోయింది. ఆ రోజుకు మా వార్డుకు మూడున్నరేళ్లుగా ఎవరూ లేరు. ఆమె నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడి ఉంది. "జలమండలి ఆఫీసుకు పోదాం అక్కా, శనివారం" అన్నాను.

శనివారం పొద్దున ఆమె ఒక్కతే రాలేదు. పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు, నలుగురి చేతుల్లో ఖాళీ బిందెలు ఉన్నాయి.