తాతయ్య మామిడి చెట్టు డైనింగ్ టేబుల్ అవ్వాలంటే

ప్రశ్న: నమస్తే మాస్టారూ. చోడవరం దగ్గర మా ఊళ్లో తాతయ్య వేసిన మామిడి చెట్టు గాలివానకి పడిపోయింది. పొయ్యిలోకి పోనివ్వడం ఇష్టం లేక దుంగని సా మిల్లుకి తీసుకెళ్లి 3 అంగుళాల మందంతో రెండు పలకలు కోయించాం, పెద్దది ఆరున్నర అడుగుల పొడుగు, ఇంచుమించు 3 అడుగుల వెడల్పు. 8 నెలలుగా సీతమ్మధారలో మా ఇంటి కార్ షెడ్డులో గోడకి ఆనించి ఉన్నాయి. అంచులు కొయ్యకుండా చెట్టు వంపు అలాగే ఉంచి డైనింగ్ టేబుల్ చేయించాలని ఉంది. మా కార్పెంటర్ ‘ఎండిపోయింది మేడమ్, వచ్చే నెల చేసిచ్చేస్తా’ అంటున్నాడు. మధ్యలో ఉన్న పగులులో నీలం రంగు ఎపాక్సీ (పోశాక గట్టిపడే జిగురు లాంటిది) పోయిద్దామా? పైన ఏటికొప్పాక బొమ్మలకి వేసే లక్క వేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, వచ్చే నెల వద్దు. పలక ఎండలేదు, ఎండినట్టు కనిపిస్తోంది అంతే. నీడలో గాలికి ఆరే చెక్కకి అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క ఉంది, ఆ లెక్కన మీ పలకకి ఇంకా రెండేళ్ల పైనే పడుతుంది. పై అర అంగుళం ఆరిపోయి చేతికి పొడిగా తగులుతుంది గానీ లోపలి నీళ్లు అలాగే ఉంటాయి, ఇప్పుడు చిత్రిక పట్టి పాలిష్ కొట్టేస్తే ఆ తర్వాత లోపలిది ఆరుతూ ముడుచుకుంటుంది, అప్పుడు వంపు తిరగడమో కొత్తగా పగలడమో తప్పదు. 2014లో హుద్‌హుద్ తుపాను వెళ్లాక మా ఫ్రెండ్ వాళ్ల దొడ్లో పడిన వేప పలకతో నేను 5 నెలలకే టేబుల్ చేసిచ్చాను, వాళ్లు అడిగారని కాదనలేకపోయాను, మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి దాని మధ్యలో వేలు దూరేంత పగులు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే, ఆ చెట్టు మళ్లీ రాదు కదా.

ఈ రోజే చెయ్యాల్సిన పని, పలకల్ని గోడ మీంచి దించెయ్యండి. ఆనించి పెడితే మెలి తిరుగుతాయి. నేల మీద సమానంగా ఇటుకలో దిమ్మలో పెట్టి, అడుగున్నరకి ఒకటి చొప్పున ఒకే మందం రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) వేసి దాని మీద పలక పరిచి, మళ్లీ రీపర్లు సరిగ్గా కింది వాటి పైనే వచ్చేలా వేసి రెండోది పెట్టి, పైన బరువు ఉంచండి. కింద నుంచీ పై నుంచీ గాలి ఆడాలి, ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. టార్పాలిన్ చుట్టేశారంటే బూజు పట్టేస్తుంది. రెండు కొసలకీ పాత ఆయిల్ పెయింట్ మందంగా పూసెయ్యండి, నీళ్లు కొసల్లోంచే తొందరగా పోతాయి కాబట్టి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. బెరడు కూడా ఇప్పుడే తీయించండి. అందంగా ఉందని ఉంచుకుంటారు చాలామంది, కానీ అది ఎలాగూ ఎప్పుడో ఊడిపోతుంది, పైగా పురుగు చేరేది దాని కిందే. ఉలితో మెల్లగా లేపి వైర్ బ్రష్ కొడితే లోపలి వంపు శుభ్రంగా బయటపడుతుంది. మామిడికి పురుగు బెడద ఎక్కువ, కింద పిండి లాంటి పొడి రాలుతోందేమో చూస్తూ ఉండండి.

ఎండిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండో పలక మధ్యలోంచి (కొసల్లోంచి కాదు) పూర్తి మందంతో చిన్న ముక్క కోయించి వంటింటి త్రాసులో తూచండి, తర్వాత కేకులు చేసే ఓటీజీలో 100 డిగ్రీల దగ్గర పెట్టి బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. మొదట 124 గ్రాములు ఉన్నది 100కి వచ్చి ఆగిందంటే తేమ 24 శాతం, అంటే పచ్చి కిందే లెక్క. మన వైజాగ్ సముద్రపు గాలికి ఎన్నేళ్లు ఆరినా 13, 14 శాతం దగ్గర ఆగుతుంది. అదే ఏసీ హాల్లోకి వెళ్తే ఇంకా తగ్గుతుంది, అందుకే పని మొదలుపెట్టే ముందు ఓ నెలా రెండు నెలలు పలకని ఆ హాల్లోనే ఉంచండి. అంత ఆగలేం అనుకుంటే సీజనింగ్ ప్లాంట్ (చెక్కని వేడితో ఆరబెట్టే గది) ఉన్న టింబర్ డిపోకి ఇవ్వండి, రెండేళ్ల పని కొన్ని వారాల్లో అవుతుంది, ఆ వేడికి పురుగు కూడా చస్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు మీ ముందే తేమ కొలిచే మీటర్ పెట్టి చూపించమని అడగండి.

పగులు సంగతి కూడా ఎండాకే. పచ్చి చెక్కలో ఎపాక్సీ పోస్తే చెక్క ముడుచుకుని దాన్నుంచి విడిపోతుంది. ముందు పగులుకి అడ్డంగా రెండు మూడు చోట్ల డమరుకం ఆకారంలో గట్టి చెక్క ముక్కలు దిగగొట్టించండి, పగులు ఇంకా తెరుచుకోకుండా పట్టి ఉంచేవి అవే. ఆ తర్వాత ఎపాక్సీ పొరలు పొరలుగా పోయించండి, ఎందుకంటే గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, మే నెలలో ఒకేసారి మందంగా పోస్తే పొగలొచ్చి పగిలిపోతుంది కూడా. నీలం రంగు నాకైతే నచ్చదు, తాతయ్య చెట్టు కనపడాలి గానీ రంగు కాదు, ముదురు గోధుమ రంగు చెక్కలో కలిసిపోతుంది. ఇల్లు మీది, ఇష్టం మీది.

లక్క మాత్రం వద్దమ్మా. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే లక్క కడ్డీ అదిమి పెడతారు, ఆ రాపిడి వేడికే అది కరిగి అంటుకుంటుంది. బల్లపరుపు పలక మీద అలా కుదరదు, పైగా వేడి సాంబారు గిన్నె పెట్టగానే మెత్తబడిపోతుంది. మ్యాట్ పీయూ (మెరుపు లేని పాలీయురేథేన్ పాలిష్) వేయించండి, పసుపు మరకలకి అదే ఆగుతుంది. పైన ఎన్ని కోట్లు వేశారో అడుగున కూడా అన్నీ వెయ్యాలి, చాలామంది కార్పెంటర్లు ఇక్కడే ఎగ్గొడతారు, అప్పుడు ఒక వైపు నుంచే తేమ లాగి పలక దొన్నెలా వంగుతుంది. వేడి గిన్నెల కింద మాత్రం స్టాండ్ పెట్టాల్సిందే.

చదును చేశాక మందం రెండు అంగుళాలు మిగిలినా 60 కిలోల దాకా బరువుంటుంది, కాళ్లు గట్టిగా ఉండాలి. నేల నుంచి పై దాకా ఎత్తు 30 అంగుళాలు చాలు. స్క్రూలకి గుండ్రటి రంధ్రాలు కాకుండా వెడల్పు వైపుకి పొడుగాటి గాడులు కొట్టించండి, 3 అడుగుల పలక వానాకాలానికీ ఏసీకీ మధ్య పావు అంగుళం కదలడం మామూలే, బిగించేస్తే పగులుతుంది. ఇనుప కాళ్లయితే తుప్పు భయం ఉంది, నా మాటకి టేకు కాళ్లు పెట్టించండి.

పలకలు పరిచాక ఒక ఫొటో పంపండి, రీపర్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయో లేదో చూసి చెప్తాను.